కింది ముడి

మా బావకు చూపు తగ్గిందని ఇంట్లో అందరికంటే ముందు నాకే తెలిసింది. ప్రేమ కొద్దీ కనిపెట్టానని ఎవరూ అనుకోవద్దు. ఆయన ఎక్కడ తప్పు చేస్తాడా అని ముప్పై ఏళ్లుగా కాచుకుని కూర్చున్న మనిషిని నేను. ఒకరోజు పొద్దున్నే మొఘల్‌పురాలో వాళ్ల డాబా మీద ఇద్దరం చాయ్ తాగుతున్నాం. పక్కింటి గోడ మీద పిల్లి కూర్చుందని చెప్పు తీసి విసిరాడు. చెప్పు గురిగానే తగిలింది. పిల్లి కదల్లేదు.

"సచ్చిందా ఏంది?" అన్నాడు.

అది గాలికి కొట్టుకొచ్చి గాజుపెంకులకు చిక్కుకున్న నల్ల కవరు. ఇంకెవరైనా అయితే పడీ పడీ నవ్వేవాడిని. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే కింద బీరువాలో ఆయన జోడు గొట్టాల తుపాకీ ఉంది, ఆ వారంలోనే ఆయన దాన్ని పట్టుకుని ఒక ఊరికి పోయి వచ్చాడు.

ముందు మా సంగతి చెప్పాలి. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడికి గవర్నమెంటు ఉద్యోగానికి వచ్చి, ఈ మొఘల్‌పురా ఇంటి మేడ మీదే రెండు గదులు కిరాయికి తీసుకున్నాడు. కింద ఓనర్లు. ఆ ఓనరు కొడుకే మా అక్కను చేసుకున్నాడు. నేను ఈ ఇంట్లోనే పుట్టి, ఈ గల్లీలోనే పెరిగి, ఈ గల్లీ మాటే మాట్లాడినా ఆయనకు మాత్రం ఇప్పటికీ 'ఆంధ్రా బామ్మర్ది'నే. నీళ్లు ఎక్కువ వాడుతున్నామని మాకు మోటారు ఆపేసిన మనిషి ఆయన. పెళ్లయ్యాక కూడా ఆపేశాడు. అప్పటికి అక్క కింది వాటాలోకి పోయింది కాబట్టి ఆవిడకు ఇబ్బంది లేకపోయింది. తర్వాత మేం ఇల్లు ఖాళీ చేసి దబీర్‌పురా స్టేషన్ దగ్గరికి మారిపోయినా ఆ మోటారు చప్పుడు ఆగిపోవడం నా చెవుల్లోంచి పోలేదు.

తుపాకీ ఆయన తండ్రిది. లైసెన్సు ఈయన పేరు మీదకు మారింది. అడవి పందులు చేలు నాశనం చేస్తున్నాయని పంచాయతీలు మొరపెట్టుకుంటే, అనుమతి ఉన్న షూటర్లు పోయి కాల్చి వస్తారు. మా బావ అలాంటి షూటరు. లైసెన్సులో రిటైనర్ అని నా పేరు కూడా రాయించింది అక్క. అంటే ఆయన తరఫున నేను కూడా ఆ తుపాకీ పట్టుకోవచ్చు. "ఒక్కడే పోతడు, నువ్వు జర తోడుండు" అంది. తోడంటే కారు నడపడం, సంచీ మోయడం, ఊళ్లో జనం ఆయన్ని పొగుడుతుంటే పక్కన నిలబడి తల ఊపడం. ఫోటోల్లో నేను ఎప్పుడూ సగమే పడతాను.

ఇన్నాళ్లూ ఆయన వాడింది ఛర్రా. తూటాలో బోలెడు సీసపు గుళ్లు ఉంటాయి, పేల్చగానే చేటలోంచి చల్లినట్టు విచ్చుకుంటాయి. గురి కొంచెం అటూ ఇటూ అయినా ఏదో ఒకటి తగులుతుంది. చూపు తగ్గినవాడికి అంతకంటే మంచి ముసుగు లేదు. కానీ పెద్ద పంది ఛర్రాకు పడదు, రెచ్చిపోతుంది. చెప్పు విసరడానికి ముందు పోయిన ఆ ఊళ్లో అదే జరిగింది. దెబ్బ తిన్న పంది పొదలోంచి దూసుకొచ్చి, డప్పు కొడుతున్న ఒకాయన తొడ చీల్చింది. ఆయన్ని ఆసుపత్రికి మోసుకుపోతుంటే మా బావ "సాలా, మస్తు బలమైన పంది" అని ఆశ్చర్యపోయాడు. పంది బలం గురించి అంత గొప్పగా మాట్లాడి, ఆ మనిషి కాలు గురించి ఒక్క ముక్క అడగలేదు.

ఆ కబురు చుట్టుపక్కల పాకింది. తర్వాత పిలిచిన ఊరివాళ్లు ఫోన్లోనే తేల్చి చెప్పారు, ఛర్రా తెస్తే రావద్దని. పందిని ఒక్క దెబ్బకు పడేయాలంటే సింగిల్ బాల్ కావాలి. తూటా మొత్తానికి బొటనవేలంత ఒకే ఒక్క సీసపు గుండు. దానికోసం తుపాకుల దుకాణానికి పోయాం. దుకాణం ముసలాయన పెట్టె తీస్తూ బావ మొహం వంక చూశాడు.

"సువర్ కు ఏక్ గోలీచ్ హోనా సాబ్. పర్ నజ్దీక్ ఆనే దేనా. ఔర్ నజర్ సాఫ్ హోనా."

పందికి ఒకే గుండు వాడాలి, కానీ దగ్గరికి రానివ్వాలి, చూపు బాగుండాలి. ఆయన మామూలుగానే అన్నాడు, ఎవరికైనా అదే చెబుతాడు. మా బావ మాత్రం కందిపోయాడు. "నా నజర్‌కేమైంది?" అని తెలుగులో అరిచి, తూటాలు తీసుకుని మెట్లు దిగాడు. దిగుతూ ఆఖరి మెట్టు తప్పి గోడ పట్టుకున్నాడు.

కార్లో నేను విషయం ఎత్తాను. ఛర్రాతో అబద్ధమాడొచ్చు, ఒక్క గుండుతో ఆడలేం. అది పందిని పొడుచుకుని అవతలికి పోతుంది, అవతల ఏముందో కూడా కనపడాలి. కళ్లు చూపించుకొమ్మన్నాను. శుక్లాలే అయి ఉంటాయి, చిన్న ఆపరేషన్.

"నీ ఫికర్ నా కండ్ల మీద లేదురా," అన్నాడు. "నీ నజర్ మొత్తం నా తుపాకీ మీదనే ఉన్నది. నేను గుడ్డోన్నైతె అది నీకొస్తది. గంతే గదా?"

"నీ తుపాకీ నువ్వే నెత్తిన పెట్టుకో. ఎవడన్న సస్తే జైలుకు పోయేది నువ్వు, వెంట పోయేది నేను."

"భయమైతె రాకు."

రాకుండా ఎలా ఉంటాను? ఆ సాయంత్రం అక్క నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికి వేసింది. ఆవిడకు తెలుసు. అన్నంలో రాళ్లు ఆవిడే ఏరుతోంది, ఆయన ఫోన్లో అంకెలు ఆవిడే నొక్కుతోంది. "గీ ఒక్కసారి పోనీ. తర్వాత నేనే దవాఖానకు తీస్కపోత. నలుగుర్ల ఆయన ఇజ్జత్ మాత్రం తియ్యకు, నీ కాళ్లు మొక్కుత" అంది. అక్క నా కాళ్లు మొక్కుతానంటే నాకు ఇంకా ఒళ్లు మండింది. సరేనన్నాను. నా ఉద్దేశం ఒకటే, పక్కనే నిలబడి ఎవరి ప్రాణమూ పోకుండా చూడాలి. ఆయన పరువు సంగతి దేవుడెరుగు.

ఆ ఊరి చేను ఒక ఆడమనిషిది. భర్త లేడు, కొడుకు బస్తీలో పనికి పోయాడు, కోడలూ తనూ సాగు చేస్తున్నారు. మొక్కజొన్న కంకి పాలు పట్టే దశలో ఉంది. సగం చేను పందులు దొర్లి తొక్కేశాయి. చేను చుట్టూ కర్రలు పాతి, వాటికి పాత చీరలు కట్టారు. మా వైపు ఊళ్లన్నింటిలో ఉన్న అలవాటే ఇది. గాలికి చీర ఊగితే మనిషి ఉన్నాడనుకుని పంది జడుస్తుందని నమ్మకం. ప్రతి కర్రకూ చీర అంచు పైన ఒక ముడి, కింద నేల దగ్గర ఒక ముడి. కింద ముడి లేకపోతే పంది మూతితో ఎత్తి దూరిపోతుంది.

ఆమె మాకు చాయ్ ఇచ్చి, ఎక్కడ ఎవరు నిలబడాలో ఊరివాళ్లతో కలిసి తేల్చింది. చేనుకు ఆ చివర నుంచి డప్పులు, రేకులు కొడుతూ జనం తోలుకొస్తారు. ఈ చివర రెండు చీరలు విప్పి దారి వదిలారు. పంది ఆ దారిలోంచి బయటికి వస్తుంది, ఎదురుగా ఎత్తైన మట్టిగట్టు ఉంది. దగ్గరికి వచ్చాక గట్టు వైపే కాల్చాలి. గుండు పందిని దాటిపోయినా మట్టిలో దిగుతుంది. కుడి వైపు చీరల వరుస, అటు తుపాకీ తిప్పనే కూడదు. అందరికీ వినపడేలా ఇదంతా నేనే రెండుసార్లు చెప్పాను. మా బావ చొప్ప కుప్ప వెనక ఎత్తుపీట మీద కూర్చుని, "అయిందా నీ ఉపన్యాసం?" అన్నాడు.

డప్పులు మొదలయ్యాయి. ఎండ ఇంకా చురుక్కుమనలేదు. మొక్కజొన్న ఆకుల గరగర దగ్గరవుతోంది. నేను ఆయన ఎడమ భుజం పక్కన నిలబడ్డాను. వదిలిన దారిలోంచి పంది వచ్చింది. పెద్ద మగ పంది. వచ్చి, బయలు చూసి ఆగింది. అరిటాకు పరిచి వడ్డించినట్టు ఎదురుగా నిలబడింది. నేను రాయి విసిరినా తగిలేంత దగ్గర.

"ఎదురుంగ," అన్నాను మెల్లగా.

ఆయన కళ్లు చిట్లించాడు. మెడ అటూ ఇటూ తిప్పాడు. కనపడలేదు. అంత పంది, ఆ బయల్లో, ఆయనకు కనపడలేదు. అప్పుడే కుడి వైపు మూలన ఒక చీర గట్టిగా కదిలింది. నీలం రంగు చీర. ఆయన తుపాకీ అటు తిప్పాడు.

"బావా, అది చీర!" అని అరిచాను.

నా అరుపూ ఆయన తుపాకీ మోతా ఒకేసారి అయిపోయాయి. పంది నా ముందు నుంచే గట్టెక్కి పోయింది. దాన్ని ఎవరూ చూడలేదు. చీర వెనక నుంచి ఆడమనిషి కేక వినపడింది.

నేను ఎలా పరుగెత్తానో తెలియదు. చీర అవతల ఆ చేను ఆమె నేల మీద కూలబడి ఉంది. నెత్తి తడుముకుంటోంది, మెడ తడుముకుంటోంది, చేతులు చూసుకుంటోంది. రక్తం లేదు. ఎక్కడా లేదు. ఆమెను లేపబోయాను. నా చెయ్యి విసిరికొట్టింది. తనంతట తానే లేచి, ఆ కర్రను చీరతో సహా భూమిలోంచి పీకి, పక్క కర్రకున్న రెండో అంచు చర్రున లాగేసి, భుజాన వేసుకుని మా బావ దగ్గరికి నడిచింది.

"నీ కండ్లల్ల మన్ను వడ! నేను నీకు పంది లెక్క కనవడ్డనా?"

డప్పులు ఆపి జనం మూగారు. ఆమె తిడుతూనే జరిగింది చెప్పింది. అది కట్టుకునే చీరే. కోడలు తెలియక పాతవాటితో కలిపి కంచెకు కట్టేసింది. డప్పులతో తోలడం మొదలయ్యాక ఆమె కళ్లబడింది. పట్నం నుంచి వచ్చినవాళ్లు తూటాలు పేలుస్తారు, బంగారం లాంటి చీరకు చిల్లి పడుతుందని చాటు నుంచి పోయి విప్పడానికి కూర్చుంది.

"కింది ముడి ఊడలే. మా కోడలు గట్టిగ ముడేసింది, గోర్లు వోయినయ్ గని ఊడలే. ఊడుంటే పై ముడి విప్పనీకె లేద్దును. ముడి ఊడక బతికిన!"

చీర విప్పార్చి చూపించింది. పై అంచుకు జానెడు కింద గుండ్రంగా చిల్లు. అంచులు కూడా చీలలేదు, ఎవరో కొలిచి కోసినట్టుంది.

ఇక్కడ ఏ మనిషైనా చేతులు జోడిస్తాడు. మా బావ ఎత్తుపీట మీద నుంచి లేవలేదు. "పంది ఉండె," అన్నాడు. "చీర ఎనుక పంది ఉండె. నేను సూసిన. నువ్వు గాడికెందుకు వోయినవ్? నిన్నెవలు పొమ్మన్నరు?"

ఒకరిద్దరు ఊరివాళ్లు తలలు ఊపడం మొదలుపెట్టారు. షూటర్ సాబ్ చెబుతున్నాడు కదా, పంది ఉండే ఉంటుంది, ఈమెదే తొందరపాటు. నిమిషంలో తప్పు ఆమె మీదకు జారిపోతోంది. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు పక్కనే ఉంటివి గద. నువ్వు చెప్పు. ఉండెనా?"

అక్క మాట గుర్తుంది. గుర్తుండే అన్నాను.

"లేదమ్మా. పంది ఇటు నుంచి వోయింది, నా ముంగట నుంచే. ఆయనకు కండ్లు కనవడయ్. శుక్లాలున్నయ్. దాచిపెట్టి తుపాకీ పడ్తున్నడు."

ఆయన చేతిలోంచి తుపాకీ తీసుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాడు, నేను అంతకంటే గట్టిగా లాగాను. గొట్టాలు మడిచి, మిగిలిన తూటా తీసి జేబులో వేసుకున్నాను. ఊరంతా చూస్తోంది. ఆయన నా మొహం వైపు, అంటే నా మొహం ఉంటుందనుకున్న వైపు చూసి అన్నాడు.

"ఇగో, దీనికోసమే గదరా ఇన్నేండ్లు నా ఎనుక తిరిగినవ్."

ఆమె కర్రను, చీరను మా ముందు పడేసింది. "తీస్కపో. నీ తుపాకీకి చుట్టుకో" అని ఇంటి వైపు వెళ్లిపోయింది. వాటిని కారు డిక్కీలో వేసింది నేనే. పాపమని కాదు. ఎప్పటికైనా ఆయన మొహాన కొట్టడానికి పనికొస్తుందని వేశాను.

ఇంటికి పోయాక అక్కతో మాటలు పడాల్సి వచ్చింది. ఆమెకు అప్పటికే ఊరి నుంచి ఎవరో ఫోన్ చేసి చెప్పేశారు.

"నేనేం చెప్పిన, నువ్వేం చేసినవ్? ఊరందరి ముందల ఆయనను గుడ్డోడంటవా?"

"ఒక మనిషి సచ్చేది అక్కా."

"సావలే గదా!"

అక్క అన్న ఆ రెండు ముక్కలు ఇప్పటికీ నాకు మింగుడుపడవు. బావ మీద నాకున్న కోపమంతా ఒక ఎత్తు, ఆ రోజు అక్క మీద వచ్చిన కోపం ఒక ఎత్తు. కర్రను, చీరను డాబా మీదకు తీసుకుపోయి ట్యాంకు పక్కన మూలకు ఆనించి, మెట్లు దిగి వచ్చేశాను. "నువ్వు తెచ్చిన దరిద్రం నువ్వే పారెయ్" అని అక్క వెనక నుంచి అరుస్తూనే ఉంది.

తుపాకీ గొడవ మాత్రం తాత్కాలికంగా తీరింది. ఎలక్షన్లు వచ్చాయి. ఎలక్షన్లంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ ఠాణాలో జమ చేయాలి. నేనే తీసుకుపోయి ఇచ్చి వచ్చాను. జీవితంలో మొదటిసారి ఎలక్షన్ల మీద గౌరవం కలిగింది. ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్క ఆయన్ని దవాఖానకు తీసుకుపోయిందనీ, రెండు కళ్లకూ ఆపరేషన్ అయిందనీ దబీర్‌పురా హోటల్లో చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పారు. సొంత తమ్ముడికి ఆ మాట బయటివాళ్లు చెప్పాలి.

ఎలక్షన్లు అయిపోయాయి. ఠాణా నుంచి ఫోన్ వచ్చింది, తుపాకీ తీసుకుపొమ్మని. మర్నాడే మా బావ ఫోన్ చేశాడు. ఎలా ఉన్నావని లేదు, ఏమీ లేదు.

"కండ్లు మంచిగైనయ్. ఇంకో ఊరోళ్లు పిలుస్తున్నరు. ఠాణాకెల్లి తుపాకీ తీస్కరా."

ఉత్త చేతులతో వాళ్లింటికి పోయాను. అక్క తలుపు తీసి, పక్కకు తప్పుకుంది. ఆయన డాబా మీద నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి అద్దాలు నుదుటి మీదకు నెట్టాడు.

"ఏందిరా, గింత ముసలోనివైనవ్?"

"ఎప్పట్నుంచో గిట్లనే ఉన్న. నువ్వే చూస్తలేవు."

"తుపాకేది?"

"తేలే."

"ఎందుకు తేవు? నా కండ్లు నీకంటె మంచిగున్నయిప్పుడు. అగో, మక్కా మసీదు మీద పావురాలు లెక్కవెట్టి చెప్పనా?"

ఆయన గొంతులో మళ్లీ అదే ఓనరు కొడుకు. ఆపరేషన్ చేసి కళ్లు బాగు చేశారు గానీ మిగతాది ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ చూశాను, కొట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని. ట్యాంకు పక్కన కర్ర అక్కడే ఉంది. ఎవరూ పారేయలేదు. ఎండకు వెలిసిన చీర దానికి వేలాడుతోంది.

"పావురాలొద్దు," అన్నాను. "గా కింది ముడి ఇప్పు. ఆమె గోర్లు వోయినా ఊడని ముడి. అది ఇప్పితే ఇప్పుడే పోయి తుపాకీ తెస్త."

"గింతేనా?"

కర్రను పిట్టగోడకు నిటారుగా నిలబెట్టి పట్టుకున్నాను. చీర రెండో అంచును బట్టల తీగకు తగిలించాను, కంచెకు ఉన్నట్టే. ఆయన చీరకు అటు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ముడి మీదకు వంగి గోళ్లతో పట్టు వెతుక్కున్నాడు. వానకు తడిసి, ఎండకు ఎండి అది రాయిలా బిగిసి ఉంది. పళ్లు పెట్టి లాగాడు. మెడ మీద చెమట పట్టింది. నేను తిట్టలేదు, తొందర పెట్టలేదు. ఓడిపోతాడని చూస్తున్నాను, ఓడిపోవాలని చూస్తున్నాను. మెట్ల దగ్గరికి అక్క వచ్చి నిలబడింది.

ముడి ఊడింది.

"ఇగో!" అన్నాడు, నా వైపు గెలిచినట్టు చూసి. "సూస్కో. ఇగ పైది గూడ ఇప్పుతా, సూడు" అని మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచాడు.

లేచి, పై ముడి కోసం చెయ్యి ఎత్తాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. చీర ఆయన ఒంటికి తగులుతోంది. చిల్లు సరిగ్గా ఆయన గుండెల మీదకు వచ్చింది. అందులోంచి బనీను తెల్లగా కనపడుతోంది. ఆయన తల వంచి చూశాడు. కళ్లు బాగానే కనపడుతున్నాయి కాబట్టి చాలాసేపు చూశాడు. చూపుడువేలు ఆ చిల్లులో పెట్టి, తన ఛాతీకి ఆనించుకున్నాడు.

"ముడి ఊడుంటే లేద్దునన్నది గదా ఆమె," అన్నాడు.

నేను కర్ర పట్టుకునే ఉన్నాను.

పై ముడి విప్పలేదు. వచ్చి కుర్చీలో కూర్చుని, నల్ల అద్దాలు కిందికి దించుకున్నాడు.

"పోయి తేవాల్నా తుపాకీ?" అన్నాను.

"వద్దు," అన్నాడు. "ఠాణాలనే ఉండనీ. నువ్వు గూడ తేకు."